గుమ్మంలో అడిగే ప్రశ్న

కంట్లో చుక్కలు వేసి గంటసేపు కదలకుండా కూర్చోమన్నారు. కూర్చోవడం నాకు కొత్త కాదు, కదలకపోవడమే కొత్త. కంటిపాప పెద్దదవ్వాలట, అప్పుడుగానీ డాక్టరమ్మ లోపలికి తొంగి చూడలేదట, ఈలోగా లోకమంతా సబ్బునీళ్ళలో ముంచి తీసినట్టు అయిపోతుందని మాత్రం నాకెవరూ ముందుగా చెప్పలేదు. ఒళ్ళో నోటుబుక్కు ఉంది. మూడు పేజీల నిండా నా చేత్తో నేనే రాసుకున్న ప్రశ్నలు, ఇప్పుడు ఒక్కటీ నిలబడి కనిపించదు, అన్నీ పంచదార డబ్బాలో చీమల్లా పరిగెడుతున్నాయి. ఎదురుగోడ మీద గుండ్రంగా తెల్లగా ఉన్నది గడియారమే అయ్యుండాలి, ముళ్ళు కనిపించవు, తోడొచ్చిన అత్తయ్యని అడిగితే పదకొండు దాటి అయిదు నిమిషాలంది. అంటే నాకింక యాభై అయిదు నిమిషాలు. తాళాలాయన మాట మాటే. పన్నెండింటికి కొట్టు మూసి కంప్యూటరు ముందు కూర్చుంటాను, అప్పటికి సరైన ప్రశ్న నా చేతికొస్తే సరి, లేకపోతే మన చదరంగం ఫోరం గుమ్మం శాశ్వతంగా మూసేస్తాను, ఉన్న నాలుగు వందలమందిమి చాలు, మనలో మనమే ఆడుకుందాం, మనలో మనమే కొట్టుకుందాం అన్నాడు. ఆయన వృత్తి తాళాలు బాగుచెయ్యడం, చదరంగం ఫోరం పెట్టడం వ్యసనం. పగలంతా ఊళ్ళోవాళ్ళ తలుపులు తెరిచే మనిషికి సొంత తలుపు ముయ్యాలని ఎందుకంత సరదానో నాకు అర్థం కాదు. ఆ తలుపు దగ్గర కాపలా మాత్రం నాది, ఆరేళ్ళుగా నాదే, జీతం లేదు, తిట్లు మాత్రం క్రమం తప్పకుండా వస్తాయి.

అసలు తప్పంతా మాదే. ఫోరంలోకి కొత్తగా వచ్చేవాళ్ళని ఒక చిన్న ప్రశ్న అడిగి లోపలికి పంపాలి, మనుషులైతే జవాబు చెబుతారు, యంత్రాలైతే తెల్లమొహం వేస్తాయి, అదీ ఆలోచన. ఆలోచన బంగారమే, ప్రశ్న పెట్టినవాళ్ళం చదరంగం ఆడేవాళ్ళం కావడమే వచ్చిన చిక్కు. మాకు ఒక ప్రశ్న అడిగితే చాలదు, అందులో ఉచ్చు ఉండాలి. మొదట పాత పోటీల సంవత్సరాలు అడిగాం, పుస్తకాలు కొనగలిగినవాళ్ళకే అవి తెలుస్తాయి, యంత్రాలకైతే కొనకుండానే తెలుస్తాయి. తర్వాత లెక్కల మేష్టారు ముందుకొచ్చాడు, మా ఫోరంలో అందరికన్నా పెద్దాయన, బల్ల మీద ఎన్ని చదరాలు అని అడుగుదామన్నాడు. ఇంత తేలిక ప్రశ్నా అని అందరం చప్పట్లు కొట్టాం. అరవై నాలుగు అని రాసినవాడినల్లా ఆ ప్రశ్న బయటికి గెంటేస్తోందని మూడు నెలలదాకా మాకు తెలియలేదు. చిన్న చదరాలు నాలుగు కలిస్తే ఇంకో చదరం, తొమ్మిది కలిస్తే మరొకటి, అలా అన్నీ లెక్కేస్తే రెండు వందల నాలుగట, ఆయన సరైన జవాబుగా అదొక్కటే పెట్టుకున్నాడు. అడిగితే నేను చదరాలన్నానుగానీ గడులన్నానా అని ఎదురు కేకలు. ఆ మూడు నెలల్లో మా గుమ్మం దాటిన పుణ్యాత్ములు ఇద్దరే ఇద్దరు, బూట్లు అమ్మే యంత్రం ఒకటి, బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె మరొకటి. నూనె వచ్చీ రాగానే మేష్టారికే మొదటి ఉత్తరం రాసింది. ఆయనకి నిజంగానే బట్టతల. ఆ వారమంతా నేను పనిలో నవ్వుకుంటూనే ఉన్నాను, పక్క బెంచీ ఆవిడ నాకు ఒంట్లో బాలేదనుకుంది.

పని అంటే గుర్తొచ్చింది, ఈ కళ్ళ పరీక్ష కూడా పని కోసమే. టైల్స్ ఫ్యాక్టరీలో ఏరివేత బల్ల దగ్గర పన్నెండేళ్ళు. పలకలు వరసగా వస్తుంటాయి, ఏటవాలుగా ఒక దీపం వెలుగుతుంటుంది, గీత పడ్డది, అంచు విరిగింది, రంగు మాడింది పక్కకి తీసెయ్యాలి. చేరిన కొత్తలో కనిపించిన ప్రతి మచ్చకీ తీసి పారేసేదాన్ని. అప్పటి మా పెద్దమేస్త్రి నా పక్కన నిలబడి, పారేసినవాటిలోంచి ఒకటి తీసి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది మోగుతోంది కదమ్మా, ఎందుకు తీసేశావ్?" అన్నాడు. పైకి వంకరగా ఉన్నా లోపల పగులు లేకపోతే గంటలా మోగుతుంది. నిగనిగలాడుతూ ఉండి లోపల పగిలినదైతే చెక్కలా చప్పుడు చేస్తుంది. పలకకి ఆ మర్యాద ఉంది, మనుషులకి మేం పెట్టిన ప్రశ్నల్లో ఆ మర్యాద లేదు. చూసి తీసేస్తున్నాం, తట్టి చూడడం లేదు. నాక్కావలసింది తట్టే ప్రశ్న. పుస్తకం చదివినవాళ్ళకీ చదవనివాళ్ళకీ, పోటీల్లో గెలిచినవాళ్ళకీ మెట్ల మీద కూర్చుని ఆడినవాళ్ళకీ ఒకేలా మోగేది, యంత్రాన్ని తడితే మాత్రం మోగనిది. మూడు పేజీలు రాశాను. ఒక్కటీ మోగలేదు.

మరి ఇప్పుడు గుమ్మంలో ఉన్న, రాజుని దాచే ప్రశ్న సంగతి? చదరాల ప్రశ్న తీసేశాక నేనే పెట్టాను, గర్వంగా పెట్టాను, సిగ్గుగా ఉంది. రాజు ఏ ఎత్తుతో క్షేమంగా మూలకి చేరతాడు అని అడిగాను. రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపి కోట కట్టడం అని జవాబు, ఆడేవాళ్ళు ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. ఇళ్ళల్లో ఆట ఇంటికో రకంగా ఉంటుందన్న సంగతి మరిచిపోయాను, మా ఇంట్లోనే ఉందన్న సంగతి అంతకన్నా మరిచిపోయాను. పందొమ్మిది రోజుల కింద ఒక జవాబు వచ్చింది. "రాజు జీవితంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఎవరు కాదన్నా సరే." తప్పు, తిరస్కరించబడింది. మర్నాడు మళ్ళీ, అదే వేళకి, పదకొండూ ఇరవైకి. "నిన్న చెప్పిందే ఇవాళా చెబుతున్నాను. దూకవచ్చు." తిరస్కరించబడింది. మూడోసారి, "మీకు ఆట ఎవరు నేర్పారో వాళ్ళని పిలవండి." నేను పడీపడీ నవ్వాను. ఎవరోగానీ ఈ మనిషి నాకు భలే నచ్చాడని మా ఆయనకి చెప్పాను. నచ్చాడు అన్నాను చూడండి. పదో రోజు సాయంత్రం ఇంట్లో అత్తయ్య, నేను ఆడుతుంటే ఆవిడ తన రాజుని ఎత్తి గుర్రంలా పక్కకి దూకించి, "ఎవరు కాదన్నా సరే," అంది. నా చేతిలో బంటు చేతిలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి తొమ్మిది రోజులుగా ఈ రహస్యం నా నోట్లో వేడి ముద్దలా ఉంది, మింగలేను కక్కలేను. ఆవిడ ఎందుకు దొంగచాటుగా వస్తోందో నాకు తెలుసు. నా షిఫ్టు పొద్దుటికి మారింది, మా ఆయన ఎటూ ఎనిమిదికే వెళ్ళిపోతాడు, ఇల్లు సర్ది, బట్టలు ఆరేసి, పదకొండుకి ఆవిడ బల్ల ముందు ఒక్కతే కూర్చుంటుంది. రెండు పక్కలా తనే ఆడుతుంది. మొన్న అడిగితే నా ఎడమ చెయ్యి మోసం చేస్తోందమ్మాయ్ అంది, ఇద్దరం నవ్వాం. నన్ను అడిగితే చాలు, నేను చేర్పించలేనా? ఆవిడ అడగదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఆవిడ ఇల్లు ఎప్పుడో గెలిచేసింది, రచ్చలోకి తన కాళ్ళ మీద తను రావాలనుకుంటోంది. అడిగినా నేను చేర్పించలేను, అదీ అసలు సంగతి. తాళాలాయన బావమరిదిని సిఫారసు మీద చేర్చుకుంటే అతగాడు నెల తిరక్కుండా సగం ఫోరంతో తగువు పెట్టుకున్నాడు, ఆనాడే రాసుకున్నాం, బంధువులకి సిఫారసు లేదని, నేనే రాశాను, కింద సంతకం కూడా నాదే. కానీ ప్రశ్న పెట్టేది నేనే కదా. రాజు గుర్రంలా దూకే పాత ఆటలో ఎన్నిసార్లు దూకవచ్చు అని అడిగితే అయిపోయె, ఆవిడ కళ్ళు మూసుకుని చెబుతుంది. నోటుబుక్కు మూడో పేజీలో ఆఖరి ప్రశ్న అదే. రాత్రి కాదు, మత్తులో కాదు, పట్టపగలు పూర్తి తెలివితో రాశాను. కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది. ఆవిడొక్కతే లోపలికొచ్చి, ఇంకో ఇంట్లో ఇంకోలా నేర్చుకున్న ఇంకెవరి అత్తయ్యో గుమ్మంలో నిలబడిపోతుంది. అలా వస్తే ఆవిడకి తెలిసిన రోజున నా మొహం చూడదు, అదొకటి. ఇప్పుడు ఆ పేజీ కనబడకపోవడమే నయం.

ఆవిడేమో పక్కన కూర్చుని ఏమీ తెలియనట్టు గోడ మీది బోర్డు చదువుతోంది, కళ్ళు నలపరాదు, కళ్ళు నలపరాదు అని రెండుసార్లు రాశారుగదా అంటోంది. నాకు ఆవిడ నీలం రంగు మచ్చలా కనిపిస్తోంది, పైన తెల్లటి చిన్న మచ్చ జుట్టు. చుక్కలమందు అమ్మాయి ఎవరికో మళ్ళీ చుక్కలు వెయ్యడానికి వచ్చినట్టుంది, సీసా మూత చేతిలోంచి జారింది. టప్పుమని పడి, గచ్చు మీద అర్ధచంద్రంలా దొర్లుకుంటూ, దొర్లుకుంటూ, బెంచీ కిందికి. చూడలేదు నేను, విన్నాను. చూసుంటే అది మూతే, వినడం వల్ల అది బంటు. బీరువా కిందికి దొర్లే బంటు చప్పుడు అచ్చం అదే, మా అక్కా నేనూ చెంపలు నేలకి ఆనించి చీపురుపుల్లతో వెతికేవాళ్ళం, దుమ్ము దొరికేది, పిన్నీసు దొరికేది, ఎప్పుడో పోయిన బొమ్మచెయ్యి దొరికేది, పావు దొరికేది కాదు. మా నల్లగుర్రం అలాగే పోయింది. దాని బదులు దగ్గుమందు సీసా మూత పెట్టాం, ఎర్రటిది. ఎన్నాళ్ళు ఆడామంటే, అసలు గుర్రాలున్న వేరే సెట్టు మీద ఆడితే మా అక్కకి చెయ్యి సాగేది కాదు. ఇప్పటికీ మందుల కొట్లో ఆ మూత కనిపిస్తే నా వేళ్ళు దాన్ని రెండు గడులు ముందుకీ ఒకటి పక్కకీ జరపబోతాయి. చదరంగం ఉన్న ఏ ఇంట్లో పావు పోలేదు? రాజుల్ని దాచినా, దూకించినా, కోట కట్టినా, కట్టకపోయినా, పావులు మాత్రం అందరివీ పోతాయి. ఉన్నవాళ్ళవీ పోతాయి, లేనివాళ్ళవీ పోతాయి. పోయిన చోట ఏదో ఒకటి పెడతాం, గుండీ పెడతాం, రబ్బరు ముక్క పెడతాం, పెట్టి ఆట ఆపకుండా ఆడతాం. యంత్రానికి ఇల్లు లేదు, బీరువా లేదు, బీరువా కింద చీకటి లేదు, దాని పావు ఎలా పోతుంది? మీ సెట్లో ఏ పావు పోయింది, దాని బదులు ఏం పెట్టారు? మోగింది. కణుపుతో తట్టినట్టు ఖంగుమని మోగింది. నేను లేచి నిలబడిపోయాను, ఎదుటి బల్ల అంచు తగిలి మోకాలు చిట్లినంత పనయింది, అయినా నవ్వొస్తోంది.

"ఏమైంది అమ్మాయ్?" అంది అత్తయ్య.

"ప్రశ్న దొరికింది అత్తయ్యా! టైమెంత?"

"పదకొండున్నర. ఏం ప్రశ్న?" అని, వెంటనే, "వద్దు, వద్దు, చెప్పకు," అంది.

"తాళాలాయనకి పంపాలి, నాకు అక్షరం కనబడట్లేదు. నేను చెబుతుంటే మీరు కొట్టిపెట్టరా?"

"నాకా ఫోన్లో కొట్టడం ఎక్కడొచ్చే?" అంది. ఎంత అబద్ధం. మా అపార్టుమెంటు గుంపులో నీళ్ళ మోటారు గురించి మొన్న ఆవిడ కొట్టిన ఉత్తరం చదవడానికి నాకు టీ చల్లారిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా ఫోన్లో ఆయన నంబరు మాత్రం గబగబా నొక్కి నా చెవికి ఆనించి, "నాకు దాహమేస్తోంది, ఆ చివర నీళ్ళున్నాయి," అని లేచిపోయింది. నీళ్ళసీసా మా ఇద్దరి మధ్యా బెంచీ మీదే ఉంది. జవాబు చేతికి అందే చోటినుంచి లేచి వెళ్ళిపోయింది, నేనేమో మూడో పేజీ రాసుకున్నాను. నీలం మచ్చ వరండా చివరిదాకా వెళ్ళి కిటికీ దగ్గర ఆగింది, వీపు నావైపు. ఆ క్షణంలో ఆవిడంటే నాకు ఎంత ఇష్టమేసిందంటే ఫోన్లో తాళాలాయన హలో హలో అంటున్న సంగతే మరిచిపోయాను.

చెప్పాను.  వెనక తాళంచెవి అరగదీస్తున్న ఆకురాయి చప్పుడు ఆగింది. "మా ఇంట్లో తెల్ల శకటు," అన్నాడు మెల్లగా, "బదులు పాత తాళంచెవి." తర్వాత కోపం గుర్తొచ్చి, "జవాబు ఒకటి కాదు కదమ్మా, దీన్ని ఎవరు దిద్దుతారు?" అన్నాడు. నేను చదువుతానన్నాను. రోజూనా? రోజూ. సరే, పన్నెండుదాకా ఎందుకు, ఇప్పుడే ఫోరంలో పెట్టేస్తాను అని ఫోను పెట్టేశాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. కిటికీ దగ్గర నీలం మచ్చ చాలాసేపు కదల్లేదు, తల మాత్రం వంగి ఉంది. నీళ్ళు తాగేవాళ్ళు తల పైకెత్తుతారు. నేను చూడనట్టే కూర్చున్నాను, నిజానికి చూడలేను కూడా, అయినా చూడనట్టు కూర్చోవడం వేరే, దానికి కొంచెం కష్టపడాలి.

తిరిగొచ్చి కూర్చుంది. నా ఫోను టింగుమంది, ఇంకోసారి, మరోసారి.

"జవాబులొస్తున్నాయి, చదివిపెట్టండి. మంచివైతే ఆకుపచ్చది నొక్కాలి, కాకపోతే ఎర్రది."

"చదవడం వచ్చు," అంది ఒప్పుకుంటున్నట్టు. గొంతు సవరించుకుంది. "పావు పోయినచో నియమావళి ప్రకారం అదే పరిమాణంగల వేరొక పావును వినియోగించవలెను. ఇదేమిటే, ఆఫీసు కాగితంలా ఉంది?"

"ఎర్రది నొక్కండి."

"నొక్కాను. రెండోది. పోయింది నల్లబంటు. బదులు మందుబిళ్ళ పెట్టాం. ఆట మధ్యలో మా తాత మింగేశాడు." అంతే, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, నేనూ ఆపుకోలేకపోయాను, చుక్కలమందు అమ్మాయి వచ్చి కళ్ళు నలపకూడదు అని కేకలేసింది, నలపకుండా అంతసేపు నవ్వడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఆకుపచ్చది ఆవిడే నొక్కింది. మూడోది తెరిచింది. తెరిచి మళ్ళీ గొంతు సవరించుకుంది.

"ఏముంది అత్తయ్యా?"

"కొంచెం పెద్దగా ఉంది. చదవాలా?"

"చదవండి."

చదివింది. ఎవరో పరాయివాళ్ళ ఉత్తరం చదివినట్టు, ఎక్కడా తగ్గకుండా, హెచ్చకుండా. "మా సెట్లో ఏ పావూ పోలేదు. మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు తనని ఎవరూ ఓడించలేరని చెప్పింది. మొదటి ఆటలో నేను ఓడించాను. ఆ పూట ఆ పిల్ల భోజనం చెయ్యలేదు. మర్నాడు ఒక ఏనుగు పోయిందని అబద్ధం చెప్పి అరలో బట్టల కింద దాచాను. పెద్దదాన్ని, నేనే సర్దుకుంటానని ఆ ఏనుగు లేకుండా రెండేళ్ళు ఆడాను. బదులు ఏమీ పెట్టలేదు. ఇది తప్పు జవాబైతే రేపు మళ్ళీ వస్తాను."

ఆ రెండేళ్ళు. పొంగిపోతూ మా ఆయనకి చెప్పిన ఆ గెలుపులు, మా అక్కకి రాసిన ఉత్తరాలు, మీ అమ్మగారికి ఆట కొంచెం మందమండీ అని ఒకసారి అన్నాను కూడా, దేవుడా, నిజంగా అన్నాను. ఏనుగు బీరువా వెనక దొరికిందే అమ్మాయ్ అని ఆవిడ ఒకరోజు తెచ్చి బల్ల మీద పెట్టింది, ఆనాటికి నేను వరసగా నాలుగాటలు గెలిచి ఉన్నాను, అయ్యో ఇన్నాళ్ళూ దొరకలేదే అని దాని దుమ్ము తుడవబోయాను, దుమ్మే లేదు. అప్పుడైనా ఆలోచించానా? పలకల్లో వెంట్రుకంత గీత పట్టుకునే కళ్ళు. పరువు పోయిందనిపించి చెవులు వేడెక్కాయి, అంతలోనే ఆ వేడి కిందనుంచి సంతోషం పొంగుకొచ్చింది, ఇంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో, నా గెలుపులన్నీ పోయినందుకు నేనెందుకింత ఆనందపడుతున్నానో నాకే తెలియదు, ఆ ఇంట్లో మొదటి వారంనుంచే నన్ను ఇంత చూసుకున్నారని తెలియడం వల్ల కాబోలు.  

"ఆకుపచ్చది నొక్కండి అత్తయ్యా."

"ఇది నేను నొక్కకూడదు. నువ్వే నొక్కు."

"నాకు కనబడట్లేదుగా."

"చెబుతాను. వేలు కిందికి దించు. ఇంకా. కుడికి. అంత కాదు, ఎర్రది అవుతుంది, కొంచెం వెనక్కి. ఆఁ, అక్కడ."

నొక్కాను. ఆవిడ సంచీలో ఎక్కడో టింగుమని ఇంకో ఫోను మోగింది. ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం.

"సాయంత్రం నేను ఒక ఏనుగు తీసేసి ఆడతాను," అన్నాను.

"ఓడిపోతావే."

"తెలుసు. భోజనం మాత్రం చేస్తాను."